నాన్నగారి లాడ్జి మెట్లు

మా చిన్నతనంలో నెలకో శనివారం సాయంత్రం ఇల్లంతా ఇస్త్రీపెట్టె బొగ్గుల వాసన... నాన్నగారి నల్లకోటు మీద తడిగుడ్డ పరిచి అమ్మ ఇస్త్రీ చేసేది. ఆ పూట నాన్నగారు లాడ్జికి వెళ్ళాలి మరి.

లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కాదండోయ్! ఫ్రీమేసన్లని ఒక సంఘం, వాళ్ళు కలుసుకునే మేడ. ఏలూరులో జూటు మిల్లు పనిమీద వచ్చిన దొరలు కట్టుకున్నారట. వాళ్ళు వెళ్ళిపోయాక మనవాళ్ళ చేతికొచ్చింది. మిల్లులో అకౌంటెంటుగా చేసే నాన్నగారు, మా వీధి డాక్టరుగారు, తాడేపల్లిగూడెం నుంచి బియ్యం మిల్లు ఆయన, మండవల్లి నుంచి చేపల చెరువుల ఆయన... చర్చికెళ్ళేవాళ్ళూ గుడికెళ్ళేవాళ్ళూ అక్కడ ఒకరికొకరు "బ్రదర్"! లోపల ఏం చేస్తారో మాత్రం చచ్చినా చెప్పేవారు కాదు. మేక తల కోస్తారని వీధి పిల్లలందరం గట్టిగా నమ్మేవాళ్ళం.

ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ అక్కడ విందు. మా నాన్నగారు పడీపడీ నవ్వడం నేను చూసింది అక్కడే. ఇంట్లో అంత నవ్వేవారు కాదు. ఆ నవ్వు కోసమే నాకా మేడంటే అంత ఇష్టం...

తర్వాత్తర్వాత మిల్లులో షిఫ్టులు తగ్గాయి. కొందరు ఊళ్ళు మారారు, కొందరు పోయారు. సరిపడా మంది రాకపోతే సమావేశం జరపకూడదట. నాన్నగారు తయారై వెళ్ళడం, కాసేపటికే తిరిగి రావడం... ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం.

"ఏవండీ, పెద్దాణ్ణి కూడా తీసుకెళ్ళకూడదా?" అనేది అమ్మ.

"చూద్దాంలే" అనేవారు నాన్నగారు.

అన్నయ్య అప్పటికే కాలేజీలో లెక్చరరు. వెళ్ళాలని వాడికీ ఉంది. "నేను పనికొస్తాననిపిస్తే ఆయనే పిలుస్తారుగా!" అని నా దగ్గర మూతి ముడిచేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ కొల్లేరు వరద దాకా అన్నీ మాట్లాడుకునేవారు, ఈ సంగతి తప్ప.

చివరికి లాడ్జి మూసేశారు. ఆ సాయంత్రం నాన్నగారిని దింపడానికి వచ్చిన డాక్టరుగారు కాఫీ తాగుతూ అన్నయ్యతో అన్నారు: "నువ్వొచ్చి అడుగుతావని మీ నాన్నగారు ఎన్నేళ్ళు చూశారయ్యా బాబూ! మేం ఎవర్నీ రమ్మని పిలవకూడదు. ఎవరికి వారే వచ్చి అడగాలి. అది మా పద్ధతి."

అన్నయ్య నాన్నగారి వైపు తిరిగాడు. నెమ్మదిగా, "ఇప్పుడు అడగొచ్చా నాన్నగారూ?" అన్నాడు.

"ఇంకెవర్ని అడుగుతావురా... తాళాలు ఇచ్చేసి వచ్చాం" అన్నారు నాన్నగారు. వాడి భుజం మీద వేసిన చెయ్యి మాత్రం ఎంతకీ తియ్యలేదు.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్లు వచ్చాయి. లోపలి రహస్యమేమిటో నాకు ఈరోజుకీ తెలీదు, అక్కర్లేదు కూడా. వాళ్ళిద్దరూ ఒక్కసారైనా కలిసి ఆ మెట్లెక్కుతుంటే చూడాలని ఉండేది... అటు వెళ్ళినప్పుడల్లా ఏడుపొస్తుంది.

పిలుస్తారని ఒకరు, అడుగుతారని ఇంకొకరు... మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటే కింద రాయండి. ఆ మనిషి ఇంకా మీ ఇంట్లోనే ఉంటే మాత్రం రాయడం తర్వాత, ముందు వెళ్ళి అడగండి.