రంగు దారానిది కాదు

గణితంలో దేశస్థాయి బహుమతి అందుకున్న మనిషి ఒకరు హనుమకొండ సుబేదారిలో అద్దె ఇంట్లో ఉండేవారు. ఆయన ఏం కనిపెట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూరల నూలు తాడు ఉండేది కాబట్టి రిక్షావాళ్లు ఆయన్ని తాళ్ల సారు అనేవారు. ఆయన చేసిన పనిని మామూలు పాఠకులకు అర్థమయ్యే తెలుగులో మొదట రాసినవాణ్ని నేను. చెప్పుకోవడానికి మొహమాటం లేదు. ఆ ఒక్క పేజీకి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు. డెబ్బైలలో పదో తరగతి కాగానే మగ్గం మీద కూర్చున్నాను. మానింది బడి మాత్రమే, చదువు కాదు. మధ్యాహ్నం తిన్నాక రెండు గంటలు మగ్గం ఆపుకోవచ్చు. ఆ రెండు గంటలూ సైకిలెక్కి హనుమకొండ గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. అక్కడ ఇంటర్, డిగ్రీ లెక్కల పుస్తకాలు తెలుగులో ఒక బీరువా నిండా ఉండేవి. నాలుగేళ్లలో ఆ బీరువా పూర్తి చేశాను. లెక్కలు నూలు కట్టలకు చుట్టి వచ్చే మందపాటి కాగితాల మీద చేసేవాణ్ని. నాకు గురువు లేడు కాబట్టి ఎక్కడ తప్పానో చెప్పేవాడూ లేడు. పుస్తకం చివర ఉన్న జవాబు ఒక్కటే దిక్కు.

సారుతో పరిచయం కూడా ఆ బీరువా దగ్గరే. ఒకసారి నేను ఇంటికి తీసుకుపోయిన పుస్తకం కోసం ఆయన వచ్చి రెండుసార్లు తిరిగి వెళ్లారట. మూడోసారి నా కోసం కూర్చుని ఉన్నారు.

"నువ్వేనా తమ్మీ, రేఖాగణితం తీస్కపోయినోడివి? ఏ కాలేజీ?"

"కాలేజీ కాదు సార్, మగ్గం."

ఆయన నవ్వలేదు. ఎన్నో అధ్యాయంలో ఉన్నావని మాత్రం అడిగారు.

ఆయనది మరిపెడ దగ్గరి పల్లె. తండ్రికి రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉండేది. హైదరాబాదులో చదివి, పరిశోధన చేసి, వరంగల్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చారు. పెద్ద పట్నాల నుంచి పిలుపులు వచ్చినా, ఇక్కడైతే ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుందని కదల్లేదు. ఎనభైల మొదట్లో బహుమతి వచ్చింది. గ్రంథాలయం తరఫున సన్మానం పెట్టి, చిన్న సంచిక వేద్దామనుకున్నారు. సారు ఒక్క షరతు పెట్టారు. తన పని ఏమిటో ఊరివాళ్లకు అర్థమయ్యేలా అందులో ఒక పేజీ ఉండాలి. లేకపోతే దండలు వద్దు, సభా వద్దు.

ఒక కాలేజీ లెక్చరర్ రెండు పేజీలు రాసి ఇచ్చారు. లైబ్రేరియన్ గారు దాన్ని నాకు చూపించి, "ఏమన్న సమజైతాందా?" అన్నారు. మొదటి వాక్యంలోనే ఐదు పారిభాషిక పదాలున్నాయి. నేను రాస్తానన్నాను.

"నువ్వా? లెక్చరర్ సారు ఎమ్మెస్సీ అయ్యా. నువ్వు రాసిన దాంట్ల తప్పు పడితే నా ఇజ్జత్ పోతది."

"తప్పు లేకుంట రాస్త సార్."

"మంచిది. వచ్చే సోమవారం పొద్దున్నకల్ల ఇయ్యి. లేకుంటే ఆయనదే ప్రెస్సుకు పంపుత."

తొమ్మిది రోజుల గడువుంది. మర్నాడే సుబేదారి వెళ్లాను.

సారు జేబులోని తాడు తీసి ముడి వేశారు. "ఇది ఇప్పు" అన్నారు. విప్పాను. మళ్లీ ముడి వేసి, ఈసారి రెండు కొసలూ దగ్గరకు పట్టుకుని, "గివి కలిపేస్తే? కొసలే లేకపోతే ఎట్ల ఇప్పుతవ్?" అన్నారు. మగ్గం మీద కొత్త నిలువు దారాన్ని పాత దారానికి కలిపేటప్పుడు మా ఇళ్లల్లో ముడి వెయ్యరు. వేళ్లకు బూడిద రాసుకుని రెండు కొసల్నీ కలిపి మెలిపెడతారు. దాన్ని అతకడం అంటారు. నేను ఆ రెండు కొసల్నీ అలాగే అతికి ఇచ్చాను. ఆయన వేలితో తడిమి చూసుకున్నారు.

"దీన్ని ఏమంటరన్నవ్?"

"అతుకు సార్."

"ఇన్నేండ్ల సంది దీన్ని సంవృత వక్రం, సంవృత వక్రం అనుకుంట పాఠం చెప్తాన. అతికిన దారం అంటే అయిపోవు గదా."

ఆయన పనంతా ఈ అతికిన దారాల మీదే. తెంపకుండా, ఎంత లాగినా, ఎంత తిప్పినా కొన్ని ముడులు ఎప్పటికీ విడిపోవని నిరూపించడం. ప్రయత్నించి విసిగిపోయి రాదనడం వేరు, రాదని నిరూపించడం వేరు. అన్నిటికంటే తేలికైన ముడితో నాకు దారి చూపించారు. ముడిని కాగితం మీద గీస్తే, దారం ఇంకో దారం కిందుగా పోయిన ప్రతిచోటా గీత తెగినట్టు కనబడుతుంది. ఈ ముడిలో అలా మూడు ముక్కలొస్తాయి. మూడింటికీ మూడు రంగులు వేయాలి. నియమం ఒకటే: దారాలు దాటుకునే చోట కలిసే మూడు ముక్కలవీ మూడు వేరు వేరు రంగులైనా కావాలి, మూడూ ఒకే రంగైనా కావాలి. దారాన్ని ఎలా జరిపినా ఈ నియమం నిలుస్తుందన్నారు.

ఇంటికొచ్చి మా నాన్నకు చెప్పాను.

"ముడి ఇప్పరాదని ఎవలన్నరు? నీకు ఓపిక లేక గట్లంటానవ్."

"సారు అన్నడు బాపూ."

"ఆయన ఎన్నడన్న మగ్గం మీద కూసున్నడా?"

మాకు ముడి అంటే లోపం. మగ్గంలో దువ్వెనలా ఉండే అచ్చు పళ్లకు తట్టుకుని పోగు తెగుతుంది. విప్పడమే మా పని, విప్పలేకపోవడం చేతకానితనం. అందుకే సారు మాటను చేత్తో చూడాలనుకున్నాను. ఎరుపు, పసుపు, నీలం అద్దిన నూలు తీసుకుని, మూడు ముక్కల్నీ అతికి, అతుకులు సరిగ్గా దారం కిందికి దూరే చోట్ల పడేటట్టు ముడి చేశాను. సారు గీసిన బొమ్మ అచ్చంగా నా చేతిలో ఉంది. దాన్ని మెల్లగా జరిపాను. ఎరుపు నీలం కలిసే అతుకు కిందినుంచి బయటికొచ్చింది. ఒకే ముక్కలో రెండు రంగులు కనబడ్డాయి. నియమం తప్పింది. పదిసార్లు చేశాను. పదిసార్లూ తప్పింది.

అలా వారం గడిచిపోయింది. పేజీలో ఒక్క వాక్యం రాయలేదు. బహుమతి పొందిన నిరూపణలో తప్పు దొరికిందని మాత్రం నాకు గట్టి నమ్మకం. ఆదివారం పొద్దున సుబేదారికి సైకిలు తొక్కుతుంటే నాకు భయం లేదు. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది.

"సార్, ఏమనుకోకున్రి. మీ రూలు తప్పింది."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, నా దారాన్ని తీసుకుని, చాలాసేపు అటూ ఇటూ జరిపి చూశారు.

"నువ్వు రంగు అద్దినవ్ తమ్మీ."

"అద్దిన సార్. ఉతికినా పోదు."

"గదే నీ తప్పు. రంగు దారానిది కాదు, బొమ్మది."

అర్థం కాలేదన్నాను. ఆయన సుద్దముక్క తీసి గచ్చు మీద కూర్చున్నారు. దారాన్ని కొంచెం జరిపి, అలా ఉన్నదాన్ని గీశారు. "ఇప్పుడు ఇది కొత్త బొమ్మ. పాత రంగులు మర్చిపో. కొత్తగ ఎయ్యి." నేను వేశాను. మూడు రంగులూ నియమం తప్పకుండా పడ్డాయి. మళ్లీ జరిపారు, మళ్లీ గీశారు, మళ్లీ వేశాను. ఆరు బొమ్మలయ్యాయి. ఆరింటిలోనూ పడ్డాయి. దారం ఒక మెలిక తిరిగినా, రెండు దారాలు ఒకదాని మీద ఒకటి జరిగినా, అవి దాటుకునే చోటు మీదుగా మూడో దారం పోయినా, రంగులు ఎందుకు తప్పవో ఒక్కొక్కటీ నా చేతే చెప్పించారు. చివరికి ముడి లేని ఉత్త వలయం గీశారు.

"దీనికి ఎన్ని రంగులు పెడ్తవ్?"

ఒకే ముక్క. రెండో రంగు పెట్టడానికి చోటే లేదు. మూడు రంగులు ఎన్నటికీ పోని బొమ్మ, ఒక్క రంగే పట్టే బొమ్మగా మారడం కుదరదు. ఆ ముడి విడిపోదు. ఏ నేతగాడి ఓపికా దాన్ని విప్పలేదు. ఆ గచ్చు మీద కూర్చుని ఉండగా నాకు కలిగిన ఆనందం ఏ పుస్తకం చివరి జవాబూ ఇవ్వలేదు.

"వారమంత తప్పుల ఉన్న సార్" అన్నాను.

"నేను ఆరేండ్లు ఉన్న" అన్నారు సారు. మొదటి వ్యాసం అచ్చుకు పత్రికవాళ్లు ఒప్పుకున్నాక, అందులో తప్పు ఆయనకే కనబడిందట. ఉత్తరం రాసి తనే వెనక్కి తెప్పించుకున్నారు. దాన్ని సరిచేయడానికి ఆరేళ్లు పట్టింది. బహుమతి వచ్చింది ఆ సరిచేసిన దానికే.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో కూర్చుని పేజీ రాశాను. సోమవారం పొద్దున లైబ్రేరియన్ గారు చదివి, ఒకచోట వేలు పెట్టారు.

"ఇగో, నువ్వు రంగద్దుడు, నియమం తప్పుడు, గిదంత ఎందుకు? నీ తప్పు నువ్వే అచ్చేసుకుంటవా?"

"చదివేటోళ్లు గూడ గదే తప్పు చేస్తరు సార్. నూలు పట్టిన ఊరు గదా మనది."

ఆయన ఇంకోసారి చదివారు. లెక్చరర్ గారి పేజీలు సొరుగులో పెట్టి, నాది ప్రెస్సుకు పంపించారు.

సభకు ఊరు ఊరంతా కదిలింది. బాపు కూడా ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సంచికలోని పేజీని నేనే మైకులో చదివాను. చదవడం అయ్యాక ఎనుమాముల నుంచి వచ్చిన పత్తి వ్యాపారి ఒకాయన లేచి సారును అడిగాడు.

"సార్, గీ మూడు రంగులు పడకపోతే, ఆ ముడి పక్కాగ ఇడిపోయినట్టేనా?"

మంచి ప్రశ్న. సారు దగ్గర విన్నా, ఆ పేజీలో నేను రాయని విషయం. సారు దండ సర్దుకుని నా వైపు చెయ్యి చూపించారు.

"ఆయన్నడుగున్రి. రాసింది ఆయన."

నేను మళ్లీ మైకు దగ్గరికి నడిచాను. "కాదన్నా" అన్నాను. "మూడు రంగులు పడితే ఇడిపోదని పక్క. పడకపోతే ఏం చెప్పలేం. గట్ల రంగులు పడని ముడులు గూడ ఇడిపోనియి ఉన్నయి. వాటికి ఇంకో గుర్తు ఎతకాలె. సారు ఇన్నేండ్లు చేసిన పని గదే." అని, బల్ల మీది సుద్దముక్క తీసుకుని, అలాంటి ముడి ఒకటి వేదిక మీదున్న బోర్డు మీద గీయడం మొదలుపెట్టాను.