రెండోసారి అడగని ఇల్లు

నేనొక మెయిల్ రాయాలి. రెండు వాక్యాలు చాలు. ఆరేళ్లుగా రాయలేదు, ఇక రాయనని కూడా నాకు తెలుసు. ఈమధ్య ఎవరైనా నన్ను మంచిపిల్ల అంటే ఒళ్లు మండుతోంది. అందుకే ఇది చెబుతున్నాను.

మాస్టర్స్ చదవడానికి షికాగో దగ్గరికి వచ్చినప్పుడు, నలుగురు అమ్మాయిలతో అపార్ట్‌మెంట్‌లో ఉంటానంటే మా నాన్న ఒప్పుకోలేదు. "మొదటి సెమిస్టరన్నా ఏదైనా కుటుంబంతో ఉండమ్మా" అన్నారు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఒకటి ఉంది. మాలాంటివాళ్లను ఇంట్లో ఉంచుకునే కుటుంబాల జాబితా వాళ్ల దగ్గర ఉండేది. అందులోంచి నాకు షామ్‌బర్గ్‌లో ఒక స్పెయిన్ వాళ్ల ఇల్లు వచ్చింది. భర్త ఉద్యోగం కోసం పదేళ్ల కిందట వచ్చినవాళ్లు. ఒక్కగానొక్క కూతురు చదువుకోవడానికి తిరిగి వాళ్ల దేశమే వెళ్లిపోయింది. ఆ పిల్ల గది నాకిచ్చారు. ఇంటావిడ తనను పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. నవ్వి ఊరుకుంది.

మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి భోజనానికి కూర్చున్నాం. వాళ్లకి మధ్యాహ్నం అయ్యేది అప్పుడే. నేను మాంసం తిననని ముందే రాశాను కాబట్టి, ఇంటావిడ తన తల్లి చేసే పప్పునే మాంసం ముక్క లేకుండా వండింది. క్యారెట్టూ బిర్యానీ ఆకూ వేసింది. ఉప్పు కాస్త తక్కువైనా బాగుంది. నా పళ్లెంలో ఒక గరిటె వేసి, తిన్నాక "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది.

"వద్దండి, చాలు" అన్నాను.

సరేనని గిన్నె మీద మూత పెట్టేసింది.

నేను బిత్తరపోయాను. మా ఇళ్లలో మొదటి 'చాలు'ని ఎవరూ లెక్కచెయ్యరు. అడగ్గానే వెయ్యమంటే తిండిపోతు అనుకుంటారు. మనం వద్దంటాం, వాళ్లు వేస్తారు. చెయ్యి అడ్డం పెడతాం, చెయ్యి తప్పించి మరీ వేస్తారు. అప్పుడు తింటాం. ఆ ఇంట్లో చెయ్యి అడ్డం పెట్టే అవకాశమే రాలేదు.

రెండు నెలలు అలాగే గడిచాయి. ఆవిడ ప్రతి పూటా ఒకసారి అడిగేది, నేను ప్రతి పూటా వద్దనేదాన్ని. తర్వాత గదిలోకి వెళ్లి, అమ్మ కట్టిచ్చిన జంతికలు నమిలేదాన్ని. జంతికలు అయిపోయాక కోపం మొదలైంది. ఇంత పెద్ద ఇల్లు, ఇన్ని గిన్నెలు, ఒకరికి పెట్టడానికి మాత్రం చెయ్యి రాదు అనుకున్నాను. నోరు తెరిచి "ఇంకాస్త వెయ్యండి" అని ఒక్కసారి అంటే సరిపోయేది. అడుక్కుతినే ఖర్మ నాకేం పట్టిందనుకున్నాను.

సెమిస్టర్ మధ్యలో ఆఫీసు నుంచి ఒక ఫామ్ వచ్చింది. ఇంట్లో భోజనం సరిపోతోందా అన్నది అందులో ఒక ప్రశ్న. లైబ్రరీలో నా పక్కన మా క్లాస్‌మేట్ కూర్చుంది. కరీంనగర్ పిల్ల.

"రాయవే. నువ్వు ఊకుంటే వాళ్లకెట్ల తెలుస్తది? రేపు ఇంకో పిల్లొస్తది, దాన్నీ గిట్లనే ఎండబెడ్తరు" అంది.

రాశాను. సరిపోవడం లేదు, ఒక్కసారే వడ్డిస్తారు, చాలాసార్లు ఆకలితోనే పడుకున్నాను అని రాశాను. సబ్మిట్ కొట్టాక ప్రాణం హాయిగా ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు మనవాళ్లు. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఫామ్ నింపి మరీ పంపాను.

ఆ శనివారం నాన్న స్నేహితుడొకాయన నేపర్‌విల్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచారు. పులిహోర ఒకసారి వేయించుకుని "చాలు ఆంటీ" అన్నాను. "ఏంటి చాలు, ఎముకలు లెక్కపెట్టొచ్చు నిన్ను చూస్తే! తిను" అంటూ ఆవిడ మరో రెండు గరిటెలు గుమ్మరించింది. మొత్తం తిన్నాను. మళ్లీ వద్దన్నాను, మళ్లీ వేసింది, అదీ తిన్నాను. ముద్ద నోట్లో ఉండగానే నాకు తెలిసింది. నేపర్‌విల్ ఆంటీ నా మాట వినలేదు. షామ్‌బర్గ్ ఆంటీ విన్నది. అంతే తేడా. నన్ను పస్తు పెట్టింది నేనే.

సోమవారం క్లాస్ నుంచి వచ్చేసరికి ఇంటావిడ వంటింట్లో నిలబడి ఉంది, చేతిలో ఫోన్. ఆఫీసు వాళ్లు ఆవిణ్ణి జాబితాలోంచి తీసేశారు. నన్ను శనివారంలోగా వేరేచోటికి మారుస్తారట.

"నా ఇంట్లో ఒక పిల్ల ఆకలితో పడుకుందా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. "నేను అడిగాను కదా. నువ్వు చాలన్నావు."

చెప్పాను. మావైపు మొదట వద్దనడం మర్యాదనీ, ఇంటివాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారనీ చెప్పాను.

"వద్దన్న మనిషికి మళ్లీ పెడితే, నీ మాట నమ్మలేదని కాదా? మా అమ్మ మాకు అలా నేర్పలేదు" అంది. తర్వాత, "ఇప్పుడు నాకు చెప్పిందే వాళ్లకి రాయి. మళ్లీ జాబితాలో పెట్టకపోయినా ఫరవాలేదు. పిల్లల్ని పస్తుపెట్టే మనిషినని నా పేరు పక్కన ఉండకూడదు" అంది.

రాస్తానన్నాను. మెయిల్ టైప్ చేశాను కూడా. పంపేముందు కరీంనగర్ పిల్లకి చూపించాను.

"పిచ్చి లేసిందా నీకు? మొన్న ఒకటి రాస్తివి, ఇయ్యాల ఇంకోటా? నీ ఐ-ట్వంటీ వాళ్ల చేతులనే ఉన్నది. స్టేట్‌మెంట్ మార్చినవనుకో, రికార్డుల పడ్తది" అంది.

ఐ-ట్వంటీ అంటే మా వీసాలకి ఆధారమైన కాగితం. పప్పు గరిటె గురించి దాన్ని ఎవరూ రద్దుచెయ్యరని నాకప్పుడే తెలుసు. అయినా భయమనే సాకు చేతికి దొరికింది, వదలబుద్ధి కాలేదు. అసలు సంగతి వేరు. ఆఫీసులో నేను అబద్ధాలకోరుగా కనబడటం నాకిష్టం లేదు. ఆవిడ పిసినారిగా కనబడితే నాకు పోయేదేముంది? మెయిల్ డ్రాఫ్ట్స్‌లోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున బయట కార్‌లో క్లాస్‌మేట్ ఎదురుచూస్తోంది. నేను సూట్‌కేస్ గుమ్మం దాకా లాక్కొచ్చేసరికి ఇంటావిడ మూడు డబ్బాలతో వచ్చింది. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో బంగాళదుంపల ఆమ్లెట్, ఇంకోదాంట్లో పాలకూర వేసిన శనగలు. మూతలు పట్టనంతగా కూరింది.

"తీసుకెళ్లు. నాలుగు రోజులు వస్తాయి" అంది.

"వద్దండి" అన్నాను. ఈసారి మర్యాదకి కాదు, ఆ డబ్బాలు ముట్టుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆవిడ వెనక్కి తిరగబోయి ఆగింది. నేను చెప్పింది గుర్తొచ్చినట్టుంది. కొత్త భాష మాట్లాడుతున్నదానిలా తడబడుతూ, డబ్బాలు మళ్లీ ముందుకు చాపి, "తీసుకో, ప్లీజ్. తీసుకో" అంది.

మళ్లీ వద్దన్నాను. అప్పుడు డబ్బాలు పక్కన బల్ల మీద పెట్టేసింది.

"మెయిల్ రాశావా?" అని అడిగింది.

"ఇవాళ రాస్తానండి."

సరేనంది. ఆ ఒక్కటి మాత్రం రెండోసారి అడగలేదు.