కిటికీ గట్టు మీద గీత

డెంగీ ర్యాపిడ్ కిట్ మీద మొదటి గీత ఎప్పుడూ వస్తుంది. కిట్ బాగుందని దాని అర్థం. జబ్బుంటే రెండోదీ వస్తుంది. మా ప్రాణం తీసేది ఆ రెండోదే. ఒక్కోసారి ఉందో లేదో తెలియనంత పలచగా ఉంటుంది. ఫొటో తీస్తే ఫోనే తేల్చి చెప్పేలా ప్రోగ్రామ్ రాయడం రాయపూర్‌లో నా ఉద్యోగం. రెండు వానాకాలాలు అలాంటి గీతలే చూసి చూసి, నా కళ్ళను నేనే నమ్మడం మానేశాను. గోడ మీద పగులు కనిపించినా అనుమానమే.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. మా అమ్మాయి జ్వరాలు చెప్పే మిషను చేస్తోందని కాలనీలో అందరికీ చాటేది. నాకు విసుగొచ్చేది. తీరా జ్వరం ఆమెకే వచ్చింది.

ల్యాబ్‌కి తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. టెక్నీషియన్ కిట్‌ను అటూ ఇటూ తిప్పి, సన్నగా గీత ఉందన్నాడు. నాకూ కనిపించింది. అయినా బల్ల మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీశాను. 'లేదు' అని వచ్చింది. అమ్మ తొంగి చూసింది.

"నేదంటంది గదేటి. సలో, ఇంటికి పోదాం."

"ఆయన ఉందంటున్నాడమ్మా. ఆస్పత్రిలో చేరాలి."

"ఆయనెవులే? నీ మిషను నేదంది. బుఖారే గదా, తగ్గిపోద్ది."

వాదించే ఓపిక లేదు నాకు. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేసరికి టెక్నీషియన్ కిట్‌ను కిటికీ గట్టు మీద పెట్టాడు. ఏ ల్యాబ్‌లోనైనా అదే అలవాటు, అనుమానం వస్తే వెలుతురులో ఇంకోసారి చూస్తారు. అక్కడే మళ్ళీ ఫొటో తీశాను. 'ఉంది' అంది. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. రెండో గీత బొత్తిగా లేని ఇంకొకరి కిట్‌ను అదే గట్టు మీద పెట్టి తీశాను. దానికీ 'ఉంది' అనే చెప్పింది.

అప్పుడు అర్థమైంది. ప్రోగ్రామ్‌కు నేర్పడానికి ల్యాబ్‌ల నుంచి మాకు వచ్చిన పలచని గీతల ఫొటోలన్నీ కిటికీల దగ్గర తీసినవే. గీత లేనివి ట్యూబ్‌లైటు కింద, బల్ల మీద తీసినవి. ప్రోగ్రామ్ గీతల జోలికే పోకుండా పగటి వెలుతురును గుర్తుపట్టడం నేర్చుకుంది. రెండు వానాకాలాల పని గంగలో కలిసింది. ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైమెక్కడిది?

అమ్మ కిట్‌కు 'ఉంది' అన్న ఆ ఫోన్ తెరనే తీసుకెళ్ళి అమ్మకు చూపించాను. చూడగానే ఆమె లేచింది. ఆస్పత్రికి వెళ్ళే దారిలో టాటీబంధ్ దగ్గర లారీల మధ్య ఆటో ఇరుక్కుంటే నా భుజం మీద వాలిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు తర్వాత చెప్పారు.

కోలుకోగానే అమ్మ మళ్ళీ మొదలెట్టింది. పక్క మంచం మీద అభన్‌పూర్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంటే, ఆవిడకు హిందీలో నా మిషను గొప్పలు చెప్పింది. ఆవిడ నమ్మకంగా నా ఫోన్ ముందు చెయ్యి చాపింది, తనకూ చూసి చెప్పమని. నాకు తల తీసేసినట్టయింది. అది ఇంకా పనికిరాదని చెప్పేశాను.

అమ్మ మొహం వాడిపోయింది. "మరి నన్నెందుకు తెచ్చీసినావే?"

"గీత నాకు కనిపించిందమ్మా."

"నీకు కనిపించిందా? ఆ ముక్క అప్పుడే సెప్తే నాను రాకపోదునేటే? నువ్వు సేసినావనే గదా ఆ మిషను మాట ఇన్నాను."