భవ్య కణాలు తినడం మానేసిన రోజు

ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టు ప్రశ్నలు వేసి విసిగించేదాన్ని. నమ్మకాలు నాకు లేవు. రెండువేల తొమ్మిది ప్రాంతంలో హైదరాబాదులో మూలకణాల, అంటే స్టెమ్ సెల్స్, ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తుండేదాన్ని.

తాడేపల్లిగూడెంలో ఉండే మా అక్కది మేనరికం. కూతురు భవ్యకి ఎనిమిదేళ్లు, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు తలసీమియా. మూడు వారాలకోసారి ఏలూరు తీసుకెళ్లి రక్తం ఎక్కించేవారు.

జన్యువులో తప్పున్నచోట కత్తిరించి సరిచేసే పనిముట్లు అప్పుడే మా ల్యాబ్‌కి వచ్చాయి. మా సార్ అనుమతితో భవ్య చర్మం ముక్క నుంచి మూలకణాలు తయారుచేశాం. ఇది పరీక్షే, వైద్యం కాదని అక్కకి చెప్పాను.

"నువ్వున్నావుగా, ఇంక నాకు భయం లేదే" అంది. రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ కణాలకి రోజూ పోషక ద్రవం మార్చాలి. అన్నం పెట్టడమని భవ్యకి చెప్పాను. మా ఇళ్లలో ఫోనెత్తితే మొదటి మాట తిన్నావా అనే కదా. భవ్య ముందు నన్నడిగి, తర్వాత తన కణాలు తిన్నాయా అని అడిగేది. కత్తిరించే సంగతి మాత్రం చెప్పలేదు. అక్కకి కూడా బాగుచేయడం అనే చెప్పాను. సంతకాల కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఇంట్లో ఎవరూ చదవలేదు.

భవ్య కణాల్లో తప్పు కత్తిరించి సరిచేసిన వారానికి, ఒక శనివారం మధ్యాహ్నం ఏలూరు ఆసుపత్రిలో భవ్య పక్కనే ఉన్నాను. రక్తం ఎక్కుతోంది. అక్క పెరుగన్నం పెడుతుంటే నాలుగో ముద్దకి భవ్య మొహం తిప్పేసుకుంది.

"కత్తిరించినప్పుడు నా కణాలకి నొప్పెట్టిందంట పిన్నీ. ఇంక తినవంట. మళ్లీ చెయ్యకు."

జ్వరమేమోనని అక్క నుదురు పట్టుకు చూసింది. చల్లగానే ఉంది. నాకు భయం కూడా వెయ్యలేదు.

అరగంటకి ల్యాబ్ నుంచి స్నేహితురాలు ఫోన్ చేసింది. సరిచేసిన భవ్య కణాలన్నీ, వాటిని పెంచే డిష్ అడుగు వదిలేసి తేలిపోయాయట, అంటే చచ్చిపోయినట్టే. డిష్‌లు ఉంచే పెట్టెలో వేడి సరిగ్గానే ఉంది, గ్యాస్ సరిగ్గానే ఉంది. పక్క డిష్‌లో వేరేవాళ్ల కణాలకి ఏమీ కాలేదు. అన్నీ రెండుసార్లు చూశానంది.

సార్ మళ్లీ చేద్దామన్నారు. ఏవో సాకులు చెప్పి వాయిదా వేశాను. ఆ వానాకాలంలో జ్వరమొచ్చి భవ్య పోయింది. నాకు ఏడుపు రాలేదు.

పదకొండోరోజు అయ్యాక అక్క ఒక్కటే అడిగింది, దాని కణాలు నీ దగ్గర ఇంకేమైనా ఉన్నాయా అని. ల్యాబ్ ఫ్రీజర్లో ఒక చిన్న గొట్టంలో దాచినవి ఉన్నాయి. లేవన్నాను.

ఉన్నాయంటే మళ్లీ మొదలుపెట్టమంటుంది. పిల్ల వద్దంది కదా.

ఆ పిల్లకి కత్తిరింపు సంగతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంత చదువుకుని ఆ మాటకెందుకు కట్టుబడ్డానో, అదీ తెలీదు.