మేకుల బాబాయ్ చెవి

మేకుల బాబాయ్ పోయారని ఆయన కోడలు బోరబండ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక సెట్ బయట మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. "పొద్దున టిఫిన్ తిన్నరు అక్కా. కుర్చీల కూసున్నోళ్లు కూసున్నట్టే ఒరిగిపోయిండ్రు" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. భయం వేసింది. గంట కిందట నేనే మేకుల కోసం యంత్రంతో నేలంతా చూసి, అంతా బాగుందని చెప్పిన సెట్‌లోకి మళ్లీ వెళ్లాను. గోడవార నుంచి మొదలుపెట్టి మొత్తం ఇంకోసారి చూశాను. ఆ తర్వాతే బోరబండకు ఆటో ఎక్కాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. సైన్యంలో మందుపాతరలు వెతికే దళంలో పనిచేసి వచ్చిన మనిషి. రిటైరయ్యాక సొంతంగా ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కుని, సినిమా సెట్లలో వడ్రంగులు వదిలేసిన మేకులు, మట్టిలో కూరుకుపోయిన తీగముక్కలు వెతికి తీసేవారు. అందుకే అందరికీ మేకుల బాబాయ్ అయ్యారు. చెప్పుల్లేకుండా ఆడే గ్రూప్ డాన్సర్లు ఆయన్ని చూస్తే సగం ధైర్యం తెచ్చుకునేవాళ్లు.

నేనూ కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని పదేళ్లకు పైగా గ్రూప్ డాన్సర్‌గా చేశాను. ఒక పాటలో నా మడమలోకి మేకు దిగింది. ఆ సెట్‌కు ఆయన్ని ఒకరోజు ఆలస్యంగా పిలిచారు. తన రుమాలు చింపి నా కాలికి కట్టు కట్టింది ఆయనే. పుండు మానింది గానీ ఆ కాలు మళ్లీ గెంతడానికి ఒప్పుకోలేదు. రెండు నెలల తర్వాత కబురు పెట్టి, "ఈ పని నేర్చుకుంటవా బిడ్డా?" అని అడిగారు.

ఆయన ఇంటి వెనక ఖాళీ జాగాలో నా చదువు మొదలైంది. రెండు మేకులు పాతారు, ఒకటి పైపైన, ఒకటి బెత్తెడు లోతున. హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టి, యంత్రం మీదున్న రెండు నాబ్‌లు చూపించారు.

"గిది సెన్సిటివిటీ. ఇది మిషన్ చెవి. గిది గెయిన్. ఇది నీ చెవి."

నాకు అర్థం కాలేదు. ఆయన గెయిన్ మూడు మీద పెట్టి నడవమన్నారు. పైనున్న మేకు కీచుమని అరిచింది. లోపలున్నది ఎవరో పక్క గదిలో నిట్టూర్చినట్టు వినిపించింది. తర్వాత ఎనిమిది మీద పెట్టారు. ఈసారి రెండూ ఒకేలా అరిచాయి.

"మిషన్‌కు రెండుసార్లూ రెండు మేకులూ తెలిసినయ్. నీకు వినబడుడే మారింది" అన్నారు. "తక్కువ పెడితే ఏది లోపల, ఏది పైన అని సమజైతది. గని చిన్న సప్పుడు తప్పిపోతది. ఎక్కువ పెడితే లోతు తెలవదు. గని ఏదీ తప్పదు. మనం నిధి కోసం దేవులాడుతలేం. మనకు తప్పొద్దు, అంతే. ఎనిమిది మీదనే పెట్టు."

పనికి బయలుదేరే ముందు ఆయన జేబులన్నీ ఖాళీ చేసేవారు. వాచీ, ఉంగరం, తాళంచెవి అన్నీ కోడలి చేతికిచ్చి, ప్యాంటుకు బెల్టు బదులు నూలుతాడు కట్టుకునేవారు. దొరికిన మేకుల్ని ఎక్కడా పారేయకుండా కాగితంలో చుట్టి వడ్రంగి మేస్త్రీ చేతిలో పెట్టి, "నీయే" అని మాత్రం అనేవారు. ఆ ఒక్క మాటకు మేస్త్రీలు తలొంచుకునేవారు.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఇది ఇద్దరు ముగ్గురికే తెలుసు.

జూబ్లీ హిల్స్‌లో పెద్ద ఇళ్ల వెనక ఒక స్థలం. ఎవరో ఇల్లు కడదామని బండను సగం దాకా పేల్చి, ఎందుకో ఆపేశారు. అక్కడ పాట తీయాలి. నలభై మంది డాన్సర్లు, అందరూ ఉత్త కాళ్లతో. పై సగం బాబాయ్ చూశారు. ఆయనకు మోకాలు నొప్పిగా ఉండి, కింది సగం నన్ను చూడమని యంత్రం ఇచ్చారు.

ఎనిమిది మీద యంత్రం అడుగడుక్కీ అరుస్తోంది. సీసా మూత, సిగరెట్ పెట్టెలో రేకు, మళ్లీ సీసా మూత. ప్రతిసారీ వంగి తవ్వాలి. పక్కన జనరేటర్ హోరు. అసిస్టెంట్ డైరెక్టర్ గట్టు మీద నిలబడి, "ఇంకా ఎంతసేపండీ, ఎండ మారిపోతోంది" అని మూడోసారి అడిగాడు. నేను గెయిన్ మూడుకు దించాను. చెవులకు హాయిగా అనిపించింది. చకచకా నడిచి చివరిదాకా వెళ్లి, నాబ్‌ను మళ్లీ ఎనిమిదికి తిప్పి, యంత్రం బాబాయ్ చేతికిచ్చాను.

"అంత చూసినవా?"

"చూశాను బాబాయ్."

"ఎనిమిది మీదనే?"

"ఎనిమిది మీదే."

ఆయన నా ముఖం వైపు కాదు, నేను నడిచొచ్చిన దారి వైపు చూశారు. తర్వాత అసిస్టెంట్ డైరెక్టర్‌తో, "సార్, జర ఆగుండ్రి. నేనొకపారి చూస్త" అన్నారు. అతను విసుక్కున్నాడు. డాన్సర్లు అప్పటికే చెప్పులు విప్పేశారు. లైట్ల వాళ్లు స్టాండ్లకు తాళ్లు కట్టడానికి ఇనుప మేకులు, సుత్తులు తెచ్చుకుని బండ మొదట్లో నిలబడ్డారు.

బాబాయ్ సరిగ్గా వాళ్ల కాళ్ల ముందే ఆగారు. యంత్రాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊపారు. నన్ను చేత్తో పిలిచి హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టారు. సన్నగా, తెగకుండా ఒక కూత. ఆయన నాబ్‌ను మూడుకు తిప్పారు. జనరేటర్ హోరు తప్ప నాకేమీ వినిపించలేదు. మళ్లీ ఎనిమిదికి తిప్పారు. కూత అక్కడే ఉంది.

యంత్రం ఆపేసి, మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తీశారు. బండలో తొలిచిన గుండ్రటి రంధ్రం, దాన్నిండా ఎండిన బురద. అందులోంచి రెండు సన్నని రంగు తీగలు కనిపించాయి. ఆయన చేయి అక్కడే ఆగిపోయింది. ఆయన గొంతు అంత మెల్లగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"బండ పేల్చే మందు. పేలక మిగిలింది. వచ్చిన అడుగులల్లనే అడుగేసుకుంట వెనక్కు నడువు. ఉరకకు."

సుత్తి పట్టుకున్నవాళ్లను చేత్తో సైగ చేసి జరిపారు. "వాకీటాకీలు బంద్ చేయుండ్రి. ఫోన్లు గూడ. ముందు పిల్లలను రోడ్డు మీదికి తోలుండ్రి" అన్నారు. నలభై మంది చెప్పులు వదిలేసి నడిచి వెళ్లారు. నేను వేసిన ఒక్కో అడుగు నాకిప్పటికీ గుర్తుంది. నా పాదం కింద నేల ఉందో లేదో తెలియలేదు.

పోలీసుల బృందం వచ్చి మధ్యాహ్నానికి దాన్ని తీసుకెళ్లింది. అందులో ఇంకా ప్రాణం ఉందని, దాని మీద మేకు పెట్టి సుత్తితో కొట్టి ఉంటే అక్కడున్నవాళ్లు మిగిలేవాళ్లు కాదని వాళ్ల అధికారి చెప్పాడు. అందరూ బాబాయ్ చేతులు పట్టుకున్నారు. నా చేతులూ పట్టుకున్నారు. నేను వెనక్కి లాక్కోలేకపోయాను.

తర్వాత పది రోజులు గదిలో మంచం దిగాలన్నా నేలను చూసి, చేత్తో తడిమి దిగేదాన్ని. పదకొండో రోజు బోరబండ వెళ్లి బాబాయ్ ముందు కూర్చున్నాను.

"నేను మూడు మీద పెట్టాను బాబాయ్."

"నాకెరుక. ఎనిమిది మీద ఉంటే గంత జల్ది ఎవ్వరూ నడవలేరు."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

కోడలు లోపలికి వెళ్లేదాకా ఆగి, ఆయన తన ఎడమ చెవి మీద వేలు పెట్టుకున్నారు.

"ఇది ఫౌజులనే పోయింది. కుడిది గూడ పోతున్నది. ఎనిమిది మీద పెడ్తనే నాకు వినబడ్తది బిడ్డా. పోయినేడు ఆరు మీదనే వినబడుతుండె. రేపు పది మీద పెడ్త. పది దాటినంక నంబర్ లేదు." చెవి మీంచి వేలు తీసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "పై సగం నేను చూసిన గద. పోలీసోళ్లను బతిమాలి వాళ్ల మిషన్‌తోని మల్ల చూపించిన. ఏం దొరకలే. అయినా నాకు నిద్ర పడ్తలేదు. నువ్వు ఒక్క దినం అబద్ధం చెప్పినవ్. నేను రెండేండ్ల సంది చెప్తున్న."

అంత ధైర్యవంతుడని అందరూ అనుకునే మనిషి ఆ కుర్చీలో చిన్నపిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నారు. నేను ఆయన పాదాల దగ్గర నేల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు ఇద్దరం ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్ ఆఫీసుకు వెళ్లాం. "నాకు వినబడ్తలేదు సార్. ఇగ నన్ను పిలవకుండ్రి. ఈ బిడ్డను పిలవుండ్రి" అన్నారాయన. నేను కూడా నా తప్పు చెప్పాను. మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అంత పని చేశాక ఈమెను ఎలా నమ్మమంటారండీ?" అని అడిగాడు.

"మల్ల దించదు గనక" అన్నారు బాబాయ్.

అంతే. యంత్రం నా చేతికొచ్చింది. అప్పటినుంచి ఆయన ఒక్క సెట్‌కూ రాలేదు. నేను పనిలో ఉన్న రోజు కోడలి చేత ఫోన్ చేయించేవారు. ఆమె, "ఎంత మీద పెట్టినవని అడుగుతున్నరు అక్కా" అనేది. నేను అంకె చెప్తే, ఆమె ఆయన కుడి చెవిలో గట్టిగా అరిచి చెప్పడం నాకు ఫోన్లో వినిపించేది. చివరి నెలల్లో ఆ అరుపు కూడా ఆయనకు చేరక, పలక మీద రాసి చూపించేదట.

ఆ రోజు బోరబండలో ఆటో దిగి, ఆయన్ని పడుకోబెట్టిన చోటికి వెళ్లాను. రెండు చెవుల్లో దూది పెట్టారు. అది చూసి అక్కడే కూలబడ్డాను. అక్కడున్న ఎవరికీ ఎందుకో తెలియదు.

కర్మలన్నీ అయ్యాక నాకొచ్చిన మొదటి పని జూబ్లీ హిల్స్ అంచున ఒక రాతినేల మీద. ఫోన్ చేసి అడిగేవాళ్లు లేరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ముందు వెనక్కి తిరిగి చూశాను. బస్సు మెట్ల మీద, బస్సు నీడలో డాన్సర్లు వరుసగా కూర్చుని ఉన్నారు. అప్పటికే ముస్తాబైపోయారు. ఎవరు చెప్పారో తెలియదు, నాకు చప్పుడు కాకూడదని ఒక్కొక్కరూ తమ కాళ్ల గజ్జెల్ని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని, కదలకుండా నన్నే చూస్తున్నారు.