వెర్లీన్ పొయ్యి, ఓజెల్లా ముక్కు

భర్త బతికున్న రోజుల్లోనూ టేటమ్‌ల పెరట్లో మాంసానికి పొగ పెట్టేది వెర్లీనే. టెక్సస్‌లో బ్రాజస్ నది పక్కనున్న ఆ ఊళ్ళో అది మగవాళ్ళ పని. మొదట్లో అందరూ నవ్వారు, తిన్నాక ఊరుకున్నారు. ఏటా జులైలో కుటుంబమంతా కలిసే రోజున పొయ్యి ఆవిడది. అడక్కుండా దాని మూత ఎత్తినవాళ్ళకి ఆ పూట పక్కటెముకలు ఉండవు, మెడ ముక్కలే.

కట్టెను ఆవిడ ముక్కుతో ఎంచేది. ఓక్ మొద్దును చీల్చి, చీలికను వాసన చూసేది. తియ్యగా ఉంటే ఎండినట్టు. పుల్లగా తగిలితే ఇంకా పచ్చి, మరో ఏడాది గోడ పక్కన పడి ఉండాల్సిందే. బొగ్గులూ అంతే. సంచీ మూతి విప్పగానే మాంసానికి చేదెక్కించే పైన్ కర్ర కలిసిందని తెలిస్తే, దాన్ని అప్పుడే కొట్టువాడికి తిరిగిచ్చేసేది.

ఈ జనవరిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనను పట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. వెర్లీన్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పొయ్యి చేజారుతుంది. మేనల్లుడు డెల్రాయ్ అప్పటికే మెరిసిపోయే గ్యాసు పొయ్యి ఒకటి కొనుక్కుని, "నీకెందుకత్తా ఈ తిప్పలు, ఇకమీదట మా ఇంట్లో కలుద్దాం" అంటున్నాడు.

అందుకని వేరే దారులు వెతుక్కుంది. రెండు కట్టెలు ఒకదానికొకటి తాటించి వినేది. ఖంగుమంటే ఎండినవి, మొద్దుగా పలికితే పచ్చివి. పొగ రంగు చూసేది. తెల్లగా, దట్టంగా వస్తే మంటకి గాలి చాలట్లేదని. పల్చగా, నీలంగా ఉంటే సరే. ఈస్టర్‌కి అలాగే నెట్టుకొచ్చింది. ఎవరూ కనిపెట్టలేదు.

జులైలో ఆ రోజు పొద్దున్నే ఇనప పీపాని కోసి చేసిన పొయ్యిలో బొగ్గులు పరిచి, ఒక పక్క నిప్పు రాజేసింది. బొగ్గు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ మధ్యాహ్నం దాకా కాలాలి. పైన రెండు ఓక్ కట్టెలు పెట్టి, పక్కటెముకలు ఎక్కించి మూత వేసింది. కాసేపటికి పొగ కొంచెం నల్లబడింది. కొవ్వు కారుతోంది కాబోలు అనుకుంది.

చనిపోయిన తమ్ముడి భార్య ఓజెల్లా బంగాళాదుంపల సలాడ్ గిన్నెతో వచ్చింది. ఆవిడది పడమటి టెక్సస్, మెస్కీట్ తుమ్మ తప్ప ఇంకో కట్టె ఎరగని వైపు.

"ఏం వదినా, ఇంకా ఓక్ కట్టేనా? మా తుమ్మ మంటయితే ఈపాటికి తిని చేతులు కడుక్కునేవాళ్ళం."

"ఆ చేదు పొగ తినీ తినీ మీ వాళ్ళకి నాలుకలు మొద్దుబారాయి. ఆ గిన్నె నీడన పెట్టు."

ఓజెల్లా పెట్టబోయి ఆగింది. "ఎవరైనా గడ్డి కోసే మిషన్ నడుపుతున్నారా?"

"లేదే."

"మరి ఈ పెట్రోలు కంపేంటి?"

"పక్కింట్లోంచేమో."

ఓజెల్లా తిన్నగా వెళ్ళి మూత ఎత్తేసింది. వెర్లీన్ పక్కకి జరిగింది.

"వదినా, నేను మూత ఎత్తితే నువ్వు తిట్టలేదు. నీకు వాసన తెలియట్లేదు కదూ? ఎన్నాళ్ళబట్టి?"

"జనవరి నుంచి."

ఇద్దరూ పెరట్లోని సామాన్ల గదిలోకి వెళ్ళి చూశారు. గడ్డి మిషన్ కోసం నూనె కలిపి ఉంచిన పెట్రోలు డబ్బా చిట్లింది. పొద్దున ఖాళీ చేసిన బొగ్గుల సంచీ పక్కనే ఉంది, దాని అడుగంతా తడిసింది. ముందు అంటుకున్నవి పైనున్న మంచి బొగ్గులు, తడిసినవి ఇప్పుడు కాలుతున్నాయి.

"సాస్ దట్టంగా పూసేద్దాం," అంది ఓజెల్లా. "డెల్రాయ్‌కి చెప్పుల తోలు పెట్టినా తింటాడు. నేను నోరెత్తను."

వెర్లీన్ పక్కటెముకలు తట్టల్లోకి తీసింది. "పిల్లలు కూడా తింటారే," అంది. తట్టలు మోసుకెళ్ళి అన్నీ చెత్తపీపాలో పోసింది.

పొయ్యి ఊడ్చి ఒట్టి ఓక్ కట్టెలే మండించారు. నిప్పులయ్యాక కోడి తొడలు, సాసేజీలు ఎక్కించారు. పొగ వచ్చే వైపు ఓజెల్లా స్టూలు వేసుక్కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "బాగుంది... బాగుంది... ఆ చివరి కట్టె పుల్లగా ఉంది, తీసెయ్" అంటూ వచ్చింది. వెర్లీన్ తీసేసింది.

భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. "పక్కటెముకలేవత్తా?" అన్నాడు డెల్రాయ్. ఓజెల్లా ఏదో కథ అల్లబోయింది. వెర్లీన్ ముందే అందుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది, జ్వరం నుంచి చెత్తపీపా దాకా.



"అందుకే గ్యాసు పొయ్యి అంటున్నాను," అన్నాడు డెల్రాయ్.

"గ్యాసు కారితే మీ అత్తకెలా తెలుస్తుందిరా, బుర్ర తక్కువ వెధవా?" అన్నాడు కుటుంబంలో అందరికన్నా పెద్దవాడైన హోసియా, కోడి తొడ కొరుకుతూనే. డెల్రాయ్ పెళ్ళామే ముందుగా నవ్వింది.

వచ్చే ఏడు ఎవరింట్లో అన్న మాట ఎవరూ ఎత్తలేదు. గిన్నెలు సర్దుతుంటే వెర్లీన్ అంది, "వచ్చే జులైలో పొద్దున్నే రావాలి నువ్వు. సంచీలు విప్పేటప్పుడే."

"వస్తాలే," అంది ఓజెల్లా. "వీపు ఆనే కుర్చీ వెయ్యి. ఆ స్టూలు మీద నడుం విరిగింది."