మల్లప్ప బండి కింద ఆయిలు మడుగు

ఆ నెలలో మల్లప్ప మనుషుల ముఖాల కంటే బండి అడుగునే ఎక్కువగా చూశాడు. వెల్లకిలా పడుకోవడం, ఆయిలు ఎక్కడి నుంచి కారుతోందో వెతకడం, ఎవరినో ఒకరిని తిట్టుకోవడం, లేచి చొక్కా దులుపుకోవడం. మదనపల్లెలో ఆయన వీధివాళ్ళు "ఏమప్పా, ఆయిలు నిలిచిందా" అని అడగడం కూడా మానేశారు. అడిగితే కరిచేలా చూసేవాడు మరి.

ఆ బండి ఆయనకు ఊరికే రాలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఒకరి లారీలే తోలాడు. టమోటా లోడు వేసుకుని చెన్నైకి పోవడం, చుట్టంలా ఇంటికి రావడం, భార్య రుక్మిణమ్మ కంచంలో అన్నం పెట్టేలోపే మళ్ళీ లారీ ఓనరు ఫోను. నడివయసు దాటాక పాత మినీ లారీ ఒకటి సొంతానికి కొన్నాడు. నిమ్మనపల్లె తోటల్లో టమోటా బాక్సులు ఎక్కించుకుని, వేలం మొదలయ్యేలోగా మదనపల్లె యార్డులో దించాలి. ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు. ఇకనైనా మనిషి ఇంటిపట్టున ఉంటాడనుకుంది రుక్మిణమ్మ. ఉంటేగా! పగలంతా టమోటా, చీకటి పడితే ఏ ఊరికి బాడుగ దొరికితే ఆ ఊరికి.

అట్లా తోలితోలి తంబళ్లపల్లె రోడ్డులో ఇంజను పట్టేసింది. బాగుచేయడం దండగ, వేరే ఇంజను వేసుకోవడమే మేలన్నారు. కుప్పంలో పాత బండ్లు విప్పి అమ్మే భీమరావు దగ్గర ఒక ఇంజను దొరికింది. దాన్ని పుంగనూరుకు తెచ్చి, మెకానిక్ మునికుమార్ షెడ్డులో ఎక్కించారు. అమావాస్య నాడు పూజ చేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, రుక్మిణమ్మ ఏదో మొక్కుకుని ముడుపు కట్టింది. ఇంజను ఒక్క దగ్గు కూడా లేకుండా హాయిగా తిరిగింది. మల్లప్ప ఆ పూట మునికుమార్‌ను తమ్ముడా అని పిలిచాడు.

మర్నాడు తెల్లవారి చూస్తే బండి కింద మడుగు.

తిరిగి పుంగనూరు పోతే మునికుమార్ ఇంజను పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగు మార్చాడు. షెడ్డులో కాసేపు నిలబెట్టి ఆడిస్తే చుక్క రాలేదు. మదనపల్లె చేరేసరికి కవరు పొడిగా ఉంది, ఇంజను ముందువైపు ఆయిలు సీలు దగ్గర ధార కడుతోంది. మునికుమార్ తప్పంతా ఇంజనుదేనన్నాడు. కుప్పానికి తోలుకుపోతే భీమరావు తప్పంతా బిగించిన వాడిదన్నాడు. అన్నాడే కానీ ముందు సీలు కొత్తది వేసి పంపాడు. వచ్చేదారిలో వెనక సీలు వదిలింది. దానికి గేర్ బాక్స్ దింపాలి. దింపారు, మార్చారు, ఎక్కించారు. షెడ్డులో పొడి, రోడ్డెక్కితే ధార. ఎవరో తనను ఆటపట్టించడానికే ఇదంతా చేస్తున్నట్టనిపించి మల్లప్పకు అరికాలి మంట నెత్తికెక్కేది. బండిని షెడ్డులో వదిలి, ఆఖరి బస్సుకు ఇల్లు చేరి, అన్నం ముందు కూర్చుని కుప్పం వాణ్ణీ పుంగనూరు వాణ్ణీ వంతులవారీగా తిట్టేవాడు. రుక్మిణమ్మ వేడినీళ్ళు తోడిపెట్టి, ఊ కొడుతూ వినేది.

శుక్రవారం గంగులమ్మ ఫోను చేసింది. నిమ్మనపల్లెలో ఆమె మాటంటే ఆ చుట్టుపక్కల తోటలవాళ్ళందరి మాట.

"ఇన్నాళ్ళూ నీ మొగం సూసి ఓర్సుకున్నామప్పా. ఆటోళ్ళను బతిమాలి కాయ పంపిస్తాండాము. పండింది ఆగుతాదా? సోమవారం పొద్దున బండి రాకుంటే వేరే బండి మాట్లాడుకుంటాం. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోవడానికి ఏముంది? ఆ తోటలు పోతే సొంత బండి ఇంటిముందు అలంకారానికి ఉంటుంది, తాను మళ్ళీ చెన్నై లైను లారీ ఎక్కాలి. పాత ఓనరు సుదర్శన్ నెలగా పిలుస్తూనే ఉన్నాడు. బండి పని ఉందని మల్లప్ప తప్పించుకుంటూ వస్తున్నాడు. ఈ వయసులో మళ్ళీ ఒకడి కింద, ఒకడి హారనుకు లేచి పరిగెత్తడం.

శనివారం బండిని పలమనేరు రోడ్డులో బాగా తోలి, కాలిపోతున్న ఇంజనుతో మునికుమార్ షెడ్డు ముందు ఆపాడు. కిందికి ఆయిలు కారుతూనే ఉంది.

"మల్ల గేర్ బాక్స్ దించాలన్నా," అన్నాడు మునికుమార్.

"దించు. దించి నా నెత్తిన పెట్టు," అంటూ మల్లప్ప సీటు పైకెత్తి, దాని కింది ఇంజనులో ఆయిలు ఇంకెంత మిగిలిందో చూద్దామని, ఆడుతున్న ఇంజను మీదే ఆయిలు పోసే మూత తిప్పేశాడు. బుస్సుమని పొగ, దాంతోపాటు ఆయిలు తుంపర్లు ముఖం నిండా కొట్టాయి.

తిట్టబోయి మునికుమార్ వైపు చూస్తే, అతను పానా పట్టుకుని అట్లాగే నిలబడిపోయి ఉన్నాడు.

"సీళ్ళ తప్పు కాదన్నా. లోపలి గాలి బయటికి పోయేదానికి దోవ లేదు. లోపలే బిగబట్టి, యాడ సందు దొరికితే ఆడ ఆయిల్ని తోస్తాండాది."

గాలి పోవడానికి ఇంజను పక్కనే రబ్బరు పైపు ఒకటి ఉంటుంది. ఇద్దరూ తలలు వంచి చూశారు. పైపు ఉంది. పైపు నడుమ, మూడు ముళ్ళేసి బిగించిన పసుపుగుడ్డ ముడుపూ ఉంది.

అదేమీ కొత్తగా ప్రత్యక్షమైంది కాదు. పూజ నాడు బోయకొండ గంగమ్మకు మొక్కుకుని, రూపాయి బిళ్ళ మూటగట్టి, రుక్మిణమ్మ స్వయంగా కట్టింది. అందరూ చూసిందే. ఇంజనులో చేయి పెట్టిన ప్రతిసారీ మునికుమార్ చేతులు తుడుచుకుని, దాన్ని కళ్ళకద్దుకుని, మెల్లగా పక్కకు జరిపి పని చేసుకున్నాడు. కుప్పం భీమరావైతే దానికి కొత్తగా కుంకుమ కూడా పెట్టాడు. ఇంతమంది భక్తుల్లో ఒక్కడికైనా అది దేనికి కట్టి ఉందో చూద్దామన్న ఆలోచన పుట్టలేదు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ పైపు గట్టిగానే ఉండేది. వేడెక్కగానే మెత్తబడి, ముడి దగ్గర నొక్కుకుని మూసుకుపోయేది.

"కొయ్యి," అన్నాడు మల్లప్ప.

"నేనా? బోయకొండమ్మ ముడుపన్నా. నాకూ పిల్లోళ్ళుండారు," అని మునికుమార్ రెండడుగులు వెనక్కి వేశాడు.

మల్లప్ప కత్తెర చేతికి తీసుకున్నాడు. పైపు దాకా పోనిచ్చి, మళ్ళీ పక్కన పెట్టేశాడు. ఫోను తీసి రుక్మిణమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"కట్టేదానికి ఆ పైపే దొరికిందా నీకు? నెల దినాలుగా నా ప్రాణం తోడేస్తాండాది. కోసేస్తాండా, ఇను."

"మొక్కు తీరకుండా ముట్టొద్దు," అంది రుక్మిణమ్మ. ఆ వెంటనే అడిగింది. "అమాస ఎప్పుడు పాయె?"

"అమాసతో ఏం పని? మొన్న పాయె."

"అయితే ఆడే ఉండు. నేనొస్తాండా."

బస్సు దిగి, షెడ్డు దాకా నడిచి, మునికుమార్ ఇచ్చిన నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆమె ముడుపుకు దణ్ణం పెట్టి విప్పింది. "తీరిపోయింది, ఏం దోషం లేదు," అంది. ఏం తీరిందో మల్లప్పకు అంతుబట్టలేదు. బండి నెలగా మూలపడి ఉంటే ఇక తీరిందేమిటి? అయినా అప్పుడు వాదించే ఓపిక లేదు. బండిని మళ్ళీ పలమనేరు రోడ్డులోనే దౌడు తీయించి తెచ్చి, కింద పేపరు పరిచారు. ముగ్గురూ వంగి చూస్తూ కూర్చున్నారు. ఒక్క చుక్క పడలేదు.

మల్లప్ప అక్కడి నుంచే గంగులమ్మకు సోమవారం వస్తున్నానని చెప్పి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మదనపల్లె దారి పట్టాడు.

"బోయకొండకాడ తిప్పు. ముడుపు సెల్లించేసి పోదాం," అంది రుక్మిణమ్మ.

"ఏం మొక్కుకుంటివమ్మే? బండి బాగుండాలనా?"

"బండి సంగతి నాకేం తెలుసు." ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "ఆ అమాస నుంచి ఈ అమాస దాకా, ఒక్క రేత్రి కూడా తప్పకుండా నువ్వు ఇంట్లో పండుకుంటే కొండకొస్తానని మొక్కుకుంటి. పెండ్లయినప్పటి నుంచి అట్ల ఒక్క నెల లేదు."

మల్లప్ప తిట్టడానికి నోరు తెరిచాడు. నెలపాటు నూనెలో పొర్లించి, ఇద్దరు మెకానిక్కులతో జగడం పెట్టించి, తోటలవాళ్ళ చేత మాట పడేలా చేసిన మొక్కు. కానీ తాను కుప్పాన్నీ పుంగనూరునూ తిట్టుకుంటూ ఆఖరి బస్సు దిగి వచ్చిన రాత్రుళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఊ కొడుతూ పక్కన కూర్చుంటే తన కష్టానికి బాధపడుతోందనుకున్నాడు. ఆమె ఆ నెలంతా సంతోషంగా ఉంది. ఒక్కపూటైనా తాను ఆ ముఖం చూడలేదు.

"రేత్రి బాడుగలకు ఇంగ పోనులే," అన్నాడు, బండిని కొండదారికి తిప్పుతూ.

"అట్లనే అంటావు," అంది రుక్మిణమ్మ. "కొండకాడ మల్ల మొక్కుకుంటా. ఈసారి యాడ కట్టాలో నువ్వే సూపించు."